పెరట్లో కాపు ఒక్కసారిగా దిగితే: నిల్వ పచ్చళ్లు, చట్నీలు, ఊరబెట్టడం (కొలతలు గ్రాముల్లో)

#1 మిద్దెతోట

అందరికీ నమస్కారం. ఈ వారం కోతకి వచ్చినవి: పండు టమాటా 6 కిలోలు, పచ్చి టమాటా 3 కిలోలు (మొక్కలు అయిపోవచ్చాయి, ఇక పండవు), కీర దోస 4 కిలోలు, పండుమిర్చి కిలో, ముదిరిపోయిన సొరకాయలు రెండు. వచ్చే వారం కూడా ఇంతే దిగేలా ఉంది. ఫ్రిజ్‌లో పట్టవు. దేన్ని నిల్వ పచ్చడి పెట్టాలి, దేన్ని చట్నీ చేయాలి, దేన్ని ఉప్పునీళ్లలో ఊరబెట్టాలి? "సరిపడా ఉప్పు", "గుప్పెడు చింతపండు" వద్దండీ, తూకాలు కావాలి.

#2 తూకంరాళ్లు

ముందు కూరగాయలో నీరెంతో చూసుకోండి, పద్ధతి దానంతటదే తేలుతుంది. కీర దోసలో 95 శాతం నీరే. టమాటా కూడా దాదాపు అంతే, కాకపోతే దానికి సొంత పులుపుంది. మిర్చిలో నీరు తక్కువ, పులుపు లేదు. నిల్వ ఉండాలంటే నీరు తగ్గించాలి (ఎండబెట్టి గానీ, ఉడికించి గానీ, ఉప్పు వేసి ఊట తీసి గానీ) లేదా పులుపు పెంచాలి. మంచి పచ్చడిలో రెండూ ఉంటాయి.

మీ జాబితాకి నేనైతే ఇలా పంచుతాను. పండు టమాటా ఎండబెట్టి నిల్వ పచ్చడి. పచ్చి టమాటా, సొరకాయ కలిపి వెనిగర్ చట్నీ. కీర దోస సగం ఉప్పునీళ్లలో, సగం వెనిగర్‌లో. పండుమిర్చి చింతపండుతో తొక్కు.

ఒక్కరోజులో అన్నీ పెట్టుకోకండి. కీర దోస ఆగదు, కోసిన 24 గంటల్లోపు జాడీలోకి వెళ్లాలి. ఆలస్యమైతే లోపల గుల్లబడుతుంది. పండు టమాటా మూడు నాలుగు రోజులు ఆగుతుంది. పచ్చివి వారం పైనే ఉంటాయి.

#3 ఊరగాయజాడీ

టమాటా నిల్వ పచ్చడికి కిలో లెక్క చెబుతా, ఆరు కిలోలకి మీరే గుణించుకోండి.

గట్టిగా, ఎర్రగా ఉన్న టమాటా 1 కిలో. కల్లుప్పు 100 గ్రాములు, పసుపు అర చెంచా, గింజలు తీసిన చింతపండు 100, కారం 80 నుంచి 100, వేయించి కొట్టిన మెంతిపిండి 10, ఆవపిండి 10, వెల్లుల్లి 50, నూనె 250 మిల్లీలీటర్లు.

కడిగి, గుడ్డతో తుడిచి, నీడన రెండు గంటలు ఆరనివ్వండి. తొడిమ దగ్గర గుంటలో నీటిబొట్టు నిలుస్తుంది, అక్కడ వేలితో తడిమి చూడండి. ఒక్కో కాయని ఎనిమిది ముక్కలు చేసి, ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెట్టి వాసెన కట్టండి. రోజుకొకసారి పొడి గరిటెతో అడుగు నుంచి కలపాలి. మూడో రోజు ముక్కల్ని పిండి ఊట వేరు చేయండి. ముక్కలు పళ్లెంలో ఒక పొరగా పరిచి ఎండలో పెట్టాలి. ఊటని కూడా వెడల్పు గిన్నెలో పోసి పక్కనే ఎండనివ్వండి, పల్చటి గుడ్డ కప్పి. సాయంత్రం చింతపండుని ఆ ఊటలోనే నానేయాలి. నీళ్లలో కాదు.

ముక్క ఎంత ఎండాలంటే, వేళ్ల మధ్య నొక్కితే తడి అంటకూడదు, కానీ వంచితే విరక్కుండా వంగాలి. మంచి ఎండైతే రెండు రోజులు. ఆ తర్వాత ముక్కలు, ఊట, చింతపండు కలిపి బరకగా రుబ్బి, కారం, పిండ్లు కలపండి. నూనె కాచి ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, వెల్లుల్లి వేసి దించి, గోరువెచ్చగా అయ్యాకే పచ్చట్లో పోయాలి.

#4 దోసపాదు

ఎండ లేకపోతే? మబ్బు పట్టిన రోజుల్లోనే కాపు ఎక్కువ దిగుతుంది మరి.

#5 ఊరగాయజాడీ

ఓవెన్ ఉంటే 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర, తలుపు వేలెడు తెరిచిపెట్టి, 6 నుంచి 8 గంటలు. తలుపు మూసేస్తే ఆవిరి బయటికి పోదు, ముక్కలు ఎండకుండా ఉడుకుతాయి. అదీ లేకపోతే ముక్కల్ని ఊటతో సహా వెడల్పు మూకుడులో, సన్నటి మంట మీద దగ్గరపడేదాకా ఉడికించండి. గరిటెతో తీస్తే అడుగు కనిపించి, నూనె వేశాక అంచుల్లో నూనె తేలాలి. ఈ ఉడికించినది ఎండబెట్టినదాని అంత కాలం ఉండదు. రెండు మూడు నెలలకి మించి ఆశించకండి, ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మేలు.

#6 పులుపుమాట

> మొక్కలు అయిపోవచ్చాయి

ఇక్కడో హెచ్చరిక. ఎండిపోయిన మొక్క మీదో, తెగులుతో చచ్చిన మొక్క మీదో మిగిలిన టమాటాల్లో పులుపు తగ్గిపోతుంది. వాటిని నిల్వకి వాడొద్దు, ఆ పూట కూర వండుకోండి. మామూలు టమాటా పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) కూడా రకాన్ని బట్టి 4.3 నుంచి 4.9 దాకా ఉంటుంది. గాలి తగలని సీసాలో బొట్యులిజం (ప్రాణం మీదికి తెచ్చే ఆహార విషం) తెచ్చే క్రిమి పెరగకుండా ఉండాలంటే 4.6 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. అంటే టమాటా సరిగ్గా గీత మీద కూర్చుంది. చింతపండు రుచికి మాత్రమే కాదు, దాన్ని గీతకి ఇవతలికి లాగడానికి. 'మా టమాటా పుల్లగానే ఉంది' అని చింతపండు సగం చేసేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి.

#7 మిద్దెతోట

మొక్కలు ఇంకా పచ్చగానే ఉన్నాయండీ, కొత్త పూత ఆగింది అంతే. అయితే ఫర్వాలేదు కదా? పచ్చి టమాటా చట్నీ కొలతలు ఎవరైనా చెప్పండి.

#8 తూకంరాళ్లు

పచ్చగా ఉంటే నిక్షేపంగా వాడుకోవచ్చు.

పచ్చి టమాటా 2 కిలోలు, ఉల్లిపాయ 500 గ్రాములు, ఎండుద్రాక్ష 300, పంచదార లేదా బెల్లం 500, 5 శాతం వెనిగర్ 900 మిల్లీలీటర్లు, ఉప్పు 25, అల్లం 50, ఎండుమిర్చి పది. లవంగం, దాల్చినచెక్క, మిరియాలు పల్చటి గుడ్డలో మూట కట్టి వేస్తే చివర్లో తీసేయడం సులువు. సొరకాయ కలపాలంటే టమాటాలో అర కిలో తగ్గించి ఆ మేరకు వేయండి. చెక్కు, గింజ, దూదిలాంటి మధ్య భాగం తీసేసి కండ మాత్రమే.

టమాటా, ఉల్లి సన్నగా తరిగి, ఉప్పు కలిపి రాత్రంతా ఉంచి, పొద్దున్న ఆ నీరు పారబోయండి. దీనితోనే ఉడికే సమయం చాలా తగ్గుతుంది. ముక్కల్ని ముందు వెనిగర్‌లో మెత్తబడేదాకా, అరగంట ఉడికించి, అప్పుడు పంచదార వేయాలి. మొదట్లోనే వేస్తే తొక్కలు గట్టిగా ఉండిపోతాయి, పైగా అడుగంటుతుంది. ఆ తర్వాత మూత లేకుండా సన్నటి సెగ మీద గంట నుంచి గంటన్నర. చివరి ఇరవై నిమిషాలు పక్కనే ఉండి కలుపుతుండాలి.

అయిందని ఎలా తెలుస్తుందంటే, చెక్క గరిటెతో గిన్నె అడుగున గీత గీయండి. ఆ గీతలోకి వెంటనే పల్చటి నీరు వచ్చేస్తే ఇంకా కాలేదు. రెండు మూడు సెకన్లు గీత అలాగే నిలిచి, మెల్లగా మూసుకుంటే దించేయండి. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది కాబట్టి వేడిమీద కాస్త జారుగా ఉన్నప్పుడే ఆపాలి.

బెల్లం వాడితే ముందు కొంచెం వెనిగర్‌లో కరిగించి వడకట్టండి, ఇసుక ఉంటుంది.

#9 రోటిపచ్చడి

గిన్నె సంగతి ఎవరూ అనలేదు. వెనిగర్, చింతపండు, టమాటా: ఇవేవీ అల్యూమినియం, కళాయి పోయిన ఇత్తడి, రాగి, ఇనుప మూకుళ్లలో వండొద్దు. పులుపు లోహాన్ని తింటుంది, చట్నీ నల్లబడి నాలుకకి ఇనుము రుచి తగులుతుంది. స్టీలు లేదా ఎనామిల్ గిన్నె, లోతు కన్నా వెడల్పు ఎక్కువున్నది. రెండు రెట్లు చేస్తే రెండు రెట్ల సమయం పడుతుందనుకోకండి, అదే గిన్నెలో అయితే మూడింతలు కూడా పడుతుంది. ఆవిరి పోయేది పైభాగం నుంచే కదా. రెండు గిన్నెల్లో పెట్టుకోవడమే నయం.

#10 దోసపాదు

కీర దోస నా వంతు.

ఉప్పునీళ్లలో పులియబెట్టేది: వేలెడు పొడవున్న లేత కాయలు. చేతి పొడవు కాయలైతే గింజ ముదిరి ఉంటుంది, దీనికి పనికిరావు. పువ్వు రాలిన కొస వైపు రెండు మిల్లీమీటర్లు కోసేయండి. తొడిమ వైపు కాదు, రెండో వైపు. ముక్కని మెత్తబరిచే ఎంజైములు ఆ కొసలోనే ఉంటాయి. కాయ మెత్తబడిందని ఏడ్చేవాళ్లలో సగం మంది ఈ పని చేయరు.

ఉప్పు లెక్క: జాడీని తూకం మీద పెట్టి సున్నా చేసి, కాయలు, అవి మునిగేంత నీళ్లు పోసి మొత్తం బరువు చూడండి. దానిలో 3.5 శాతం ఉప్పు. కాయలు 600, నీళ్లు 500 అయితే 1100కి 38 గ్రాములు. నీళ్లు వంపి, ఉప్పు కరిగించి, మళ్లీ పోయండి. వెల్లుల్లి, మిరియాలు, ఆవాలు మీ ఇష్టం. కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన వస్తుంటే కాచి చల్లార్చి వాడండి.

కాయలు పూర్తిగా మునిగుండాలి. పైన చిన్న సాసరో, ఉప్పునీళ్లు నింపిన సంచో బరువుగా పెట్టండి. 18–22 డిగ్రీల్లో వారం నుంచి పది రోజులు. 28 దాటితే మూడు నాలుగు రోజుల్లోనే పులుస్తుంది గానీ కాయ కరకరలాడదు. అలాంటప్పుడు ఉప్పు 4.5 శాతానికి పెంచి, ఇంట్లో చల్లటి మూల చూసి పెట్టండి. మూత బిగించకండి, గ్యాస్ పోవాలి. నీళ్లు మసకబారడం మంచి గుర్తే. రుచికి పులిశాక ఫ్రిజ్‌లోకి.

#11 కొత్తపాదు

నా జాడీలో మూడో రోజుకి పైన తెల్లటి పొర వచ్చింది. పారేయాలా?

#12 దోసపాదు

పల్చగా, చదునుగా, ముడతలు పడ్డ తెల్ల పొర అయితే అది ఈస్ట్. చెంచాతో తీసేసి, బరువు కడిగి మళ్లీ పెట్టండి. హాని లేదు, ఎక్కువ రోజులు వదిలేస్తే రుచి చెడుతుంది. నూగులా పైకి లేచి, ఆకుపచ్చ, నలుపు, గులాబీ రంగుల్లో ఉంటే బూజు. మొత్తం పారేయాలి. కాయ జారుడుగా, జిగటగా ఉన్నా అంతే.

#13 ఊరగాయజాడీ

నూనె పచ్చళ్ల మీద బూజు వస్తే కూడా పైది తీసి కింది భాగం వాడొచ్చు కదా, చాలామంది చేసేదే.

#14 పులుపుమాట

చేసేదే, కానీ చేయకూడదండి. బూజు తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని తినేస్తుంది. పులుపు తగ్గిన చోట అసలు ప్రమాదకరమైనవి పెరగడానికి దారి దొరుకుతుంది. కంటికి కనిపించే నూగు కింద దాని వేర్లు లోపలిదాకా దిగి ఉంటాయి కూడా.

నూనె గురించీ ఒక మాట. పైన సెంటీమీటరు మందాన నూనె నిలవాలనడం సరైనదే, గాలి తగలకుండా, బూజు రాకుండా అది కాపాడుతుంది. కానీ నూనె దానంతటదే దేన్నీ నిల్వ చేయదు. పులుపు, ఉప్పు లేకుండా పచ్చి వెల్లుల్లినో, పచ్చిమిర్చినో ఉత్త నూనెలో ముంచి గదిలో ఉంచడం బొట్యులిజానికి పిలుపే. గాలి లేని చోటే ఆ క్రిమికి కావాలి, నూనె సరిగ్గా అదే ఇస్తుంది.

#15 ఊరగాయజాడీ

నూనె గురించి ఒప్పుకుంటాను. బూజు విషయంలో, ఉప్పు పదిహేను శాతం దాకా ఉన్న పచ్చడికీ ఉత్త దోసకాయ ఊరుకీ తేడా ఉందనే నా అభిప్రాయం. అయినా అసలు బూజు వచ్చిందంటే ఎక్కడో తడి చెంచా పడిందనో, నూనె తక్కువైందనో అర్థం. పెద్ద జాడీలోంచి రోజూ తీయకుండా, వారానికి సరిపడా చిన్న సీసాలోకి తీసుకుంటే ఈ వాదనే రాదు.

#16 మిద్దెతోట

మిగతా రెండు కిలోల కీర దోస వెనిగర్‌లో ఎలా? ఇంట్లో ఉన్న సీసా మీద 4 శాతం అని రాసుంది.

#17 తూకంరాళ్లు

చూసి అడిగారు, చాలామంది ఆ అంకె చూడరు. 5 శాతం వెనిగర్ అయితే సగం వెనిగర్, సగం నీళ్లు: లీటరులో 500, 500. అదే పులుపు 4 శాతంతో రావాలంటే 625 వెనిగర్, 375 నీళ్లు. రెండిట్లోనూ కలిపాక 2.5 శాతం వస్తుంది. అంతకంటే పల్చన చేయొద్దు. పులుపు ఎక్కువనిపిస్తే నీళ్లు కాదు, పంచదార పెంచండి.

కిలో కాయలకి ఈ ద్రవం లీటరు, ఉప్పు 35 గ్రాములు, పంచదార 50. చక్రాలుగా తరిగిన కాయలకి విడిగా 30 గ్రాముల ఉప్పు పట్టించి రెండు గంటలు ఉంచి, ఊట వంపి, ఒకసారి కడిగి ఆరబెట్టండి. వేడి సీసాల్లో కుక్కి, మరిగే ద్రవం పోసి, పైన సెంటీమీటరు ఖాళీ వదిలి మూత పెట్టండి. ఫ్రిజ్‌లో రెండు నెలలు. ఫ్రిజ్ బయట ఉంచాలంటే అర లీటరు సీసాలు మునిగేలా నీళ్లు పోసి, మరగడం మొదలయ్యాక 10 నిమిషాలు. సముద్రమట్టానికి ఎత్తైన చోట్ల మరో ఐదు నిమిషాలు.

సీసాలకి: వేడి సబ్బునీళ్లతో కడిగి, మరిగే నీళ్లలో 10 నిమిషాలు. తీసి బోర్లించి, చట్నీ వేడిగా ఉండగానే సీసా కూడా వేడిగా ఉండాలి. చల్లటి సీసాలో మరిగేది పోస్తే పగులుతుంది. మూత లోపల ప్లాస్టిక్ పూత చెక్కుచెదరకుండా ఉండాలి, ఉత్త రేకుని వెనిగర్ తుప్పు పట్టించేస్తుంది.

#18 కొత్తపాదు

వెనిగర్‌లో వేసిన వెల్లుల్లి నీలంగా మారింది! రాగి ఏదీ వాడలేదు.

#19 పులుపుమాట

కంగారు పడకండి. వెల్లుల్లిలోని గంధకం ఉన్న పదార్థాలు ఆమ్లంతో కలిసి ఇచ్చే రంగది. నీలం, ఆకుపచ్చ రెండూ రావచ్చు. తినొచ్చు. చూపుకి నచ్చకపోతే ఈసారి రెబ్బల్ని ఒక నిమిషం మరిగే నీళ్లలో వేసి తీసి వాడండి.

#20 రోటిపచ్చడి

పండుమిర్చి తొక్కు మర్చిపోయారు.

పండుమిర్చి 1 కిలో, కల్లుప్పు 200, చింతపండు 200, పసుపు ఒక చెంచా, మెంతిపిండి 20. మిర్చి కడిగి, తొడిమతోనే ఆరబెట్టి, పూర్తిగా పొడిబారాకే తొడిమలు తీయాలి. ముందే తీస్తే ఆ చిల్లులోంచి నీరు కాయలోకి దిగుతుంది, బయటికి కనిపించదు. మచ్చ ఉన్నవి, మెత్తబడ్డవి ఏరేయండి, ఒక్క కుళ్లు కాయ చాలు. ఉప్పు, పసుపుతో కచ్చాపచ్చాగా దంచి, మధ్యలో చింతపండు పెట్టి జాడీలో అదిమి మూడు రోజులు. ఆ ఊటకే చింతపండు నాని మెత్తబడుతుంది. అప్పుడు మొత్తం కలిపి రుబ్బి, మెంతిపిండి కలిపి, తిరగమోత పెట్టడం తినేముందు కొంచెం కొంచెంగా. చేతులకి నూనె రాసుకుని గానీ గ్లవుజులతో గానీ పని చేయండి. కళ్లు ముట్టుకోవద్దని చెప్పక్కర్లేదు.

మెంతులు వేయించేటప్పుడు జాగ్రత్త. గోధుమ ఎరుపు దాటితే పచ్చడంతా చేదు. ఆవపిండి ఎప్పుడూ వేడి నూనెలో పడకూడదు. ఆవాల ఘాటు తడి తగిలాకే పుడుతుంది, వేడి దాన్ని చంపేసి చేదుని మాత్రం మిగులుస్తుంది.

#21 దోసపాదు

సొరకాయ గురించి ఇంకో విషయం, ఇది ముఖ్యం. సొర, కీర, గుమ్మడి జాతి కాయల్ని కోయగానే చిన్న ముక్క నాలుకకి తాకించి చూడండి. గట్టిగా చేదుంటే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. అది కుకుర్బిటాసిన్, విషం. ఉడికించినా, వెనిగర్ పోసినా పోదు. పంచదార, మసాలాల చట్నీలో ఆ చేదు మరుగున పడిపోతుంది, అందుకే గిన్నెలో పడకముందే చూడాలి. కాకరకాయ లెక్క వేరు, దాని చేదు దాని సహజం.

#22 మిద్దెతోట

చాలా మేలు చేశారు అందరూ. వచ్చే వారం టమాటాలకి అప్పుడే ఎండ దొరక్కపోతే ఆపి ఉంచే దారి ఉందా? ఇంకా, బీపీ ఉన్నవాళ్ల కోసం నిల్వ పచ్చట్లో ఉప్పు సగం చేయొచ్చా?

#23 తూకంరాళ్లు

టమాటాని కడిగి తుడిచి, కాయ కాయగానే డీప్ ఫ్రీజర్లో పెట్టేయండి. కరిగాక తొక్క చేత్తోనే వచ్చేస్తుంది, మెత్తబడి నీరు కారుతుంది. కాబట్టి అవి ఉడికించే చట్నీకే, ముక్కలు ఎండబెట్టే పచ్చడికి పనికిరావు. మిర్చి కూడా అలాగే. కీర దోస మాత్రం ఫ్రీజర్లో పెట్టకండి, ముద్దైపోతుంది.

ఉప్పు సగం చేస్తే అది నిల్వ పచ్చడి కాదు. అంత ఉప్పు వద్దనుకున్నవాళ్లకి #8 లోని వెనిగర్ చట్నీ మేలు: అక్కడ కాపాడేది పులుపూ పంచదారా, ఉప్పు రుచికే. లేదా తక్కువ ఉప్పుతో కొద్దిగా చేసి ఫ్రిజ్‌లో ఉంచి, రెండు వారాల్లో అవగొట్టండి.

#24 కొత్తపాదు

వెనిగర్ చట్నీ చేసిన రోజే తింటే ముక్కులోకి కొట్టింది. ఏం తగ్గించాలి?

#25 రోటిపచ్చడి

ఏమీ తగ్గించొద్దు. సీసా మూసి, చీకటిగా, చల్లగా ఉన్న చోట కనీసం నాలుగు వారాలు వదిలేయండి, ఎనిమిదైతే ఇంకా బాగుంటుంది. పులుపు, తీపి, మసాలా కలిసిపోవడానికి అంత పడుతుంది. సీసా మీద తేదీ రాయండి, లేకపోతే ఏది ఏ నెలదో తెలియదు.

#26 మిద్దెతోట

ఆఖరి ప్రశ్న. కీర దోస అయిపోయాక మిగిలిన వెనిగర్ నీళ్లు మరిగించి కొత్త కాయలకి వాడొచ్చా?

#27 తూకంరాళ్లు

నిల్వకి వద్దు. మొదటి కాయల నీరు అందులోకి దిగింది, ఇప్పుడు పులుపు ఎంతుందో తెలియదు. ఉల్లిపాయ ముక్కలు వేసి ఫ్రిజ్‌లో పెట్టుకుని వారంలో తినేయండి, లేదా సలాడ్‌లో నిమ్మరసం బదులు వాడండి. పులియబెట్టిన దోస నీళ్లైతే కొత్త జాడీలో రెండు చెంచాలు కలపొచ్చు, పులుపు త్వరగా మొదలవుతుంది. ఉప్పు మాత్రం మళ్లీ తూచే వేయాలి.